జలగ రోగిని వదిలాక...

పంచకర్మ విభాగంలో కొత్తగా చేరినవాళ్లు జలగ పట్టించడం తొందరగానే నేర్చుకుంటారు. అది రోగిని వదిలాక ఏం చేయాలో మాత్రం ఎవరూ దగ్గరుండి చూపించరు. జలగలు వారం తిరక్కుండా చచ్చిపోతున్నాయంటే ముందు అనుమానించాల్సింది ఈ పనినే.

కడుపు నిండితే జలగ తనంతట తనే ఊడిపడుతుంది. లాగొద్దు. ముందే విడిపించాలంటే నోటి దగ్గర చిటికెడు పసుపు చాలు. ఊడిపడ్డాక, తాగిన రక్తం కక్కించడానికి సుశ్రుతుడు దాని ఒంటికి తవుడు, నోటికి నూనె, ఉప్పు రాయమన్నాడు. రాయమన్నాడు గానీ ఉప్పు గుమ్మరించమనలేదు! ఎక్కువైతే ఒంట్లో నీరంతా లాగేస్తుంది.

ఎడమచేతి బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య తోక పట్టుకుని, కుడిచేత్తో తోక నుంచి నోటివైపు మెల్లగా నిమరండి. నల్లటి రక్తం బయటికొస్తుంది. గట్టిగా పిండితే లోపల దెబ్బతింటుంది. రక్తం ఆగాక మంచినీళ్లలో వదిలి చూడండి. తల అటూ ఇటూ తిప్పుతూ హుషారుగా తిరిగితే సరే. అడుగుకు చేరి కదలకుండా పడి ఉందంటే లోపల ఇంకా మిగిలినట్టే, మళ్లీ కక్కించాలి. సగం కక్కిన జలగకు వచ్చే జబ్బును సుశ్రుత సంహిత ఇంద్రమదం అంది. అది కుదిరే జబ్బు కాదనీ చెప్పింది. అలాగని అతిగా కక్కించినా నీరసించి చస్తుందని వాగ్భటుడు హెచ్చరించాడు.

కక్కిన జలగను ఆకలి మీదున్న వాటితో కలపకండి, అవి దీన్నే పట్టుకుంటాయి. మిగిలిన రక్తం కొంచెం కొంచెంగా నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. మూడు రోజులకోసారి నీళ్లు మార్చమన్నది పాతమాట. మొదటి రెండు మూడు రోజులు రోజూ మార్చడమే మేలు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు మూతలేని బకెట్లో ఉంచి వాడండి. ఎండ తగలనివ్వకండి.

ఒంటి మీద పూసల దండలా నొక్కులు పడినా, ముట్టుకుంటే ముడుచుకోకపోయినా, నీళ్లు వాసన కొట్టినా ఆ జలగను వెంటనే వేరే కుండలోకి మార్చండి. సొంతంగా యాంటీబయాటిక్ కలపకండి. దాని పేగులోని సూక్ష్మజీవులు జీర్ణానికి కావలసినవే. వాటిలో ఏరోమోనాస్ మనిషి పుండుకెక్కితే చీము పట్టిస్తుంది, కాబట్టి గ్లవ్స్ తీయొద్దు.

ఏడు రోజుల లోపు మళ్లీ పట్టించకూడదు. ఆ తర్వాతైనా అదే రోగికి మాత్రమే. అందుకే కుండకు రోగి పేరు, తేదీ రాసిన చీటీ అంటించండి. చికిత్స పూర్తయ్యాక పుణ్యమని చెరువులో వదిలేవాళ్లున్నారు. అది కుదరదు, ఆసుపత్రి జీవవ్యర్థాలతోనే పంపాలి.