బదిలీ మీద వచ్చిన సైనికుడి బిడ్డ



నల్లరంగు పూసి, దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు రాసిన ఇనుప ట్రంకు పెట్టెలను మీరు రైల్వే స్టేషన్లలో చూసే ఉంటారు. ఆ పెట్టెల పక్కన ఒక తల్లి, ఇద్దరు పిల్లలు కూర్చుని ఉంటారు. సైనికుడు రెండు మూడేళ్ళకొకసారి బదిలీ అవుతాడు. ఆయనకు కొత్త యూనిట్‌లో పని సిద్ధంగా ఉంటుంది, తోటివారు ఉంటారు. తల్లికి కొత్త క్వార్టరు, కొత్త వంటిల్లు ఎదురవుతాయి. పిల్లలకు మాత్రం బడి, భాష, స్నేహితులు, మాష్టారు అన్నీ ఒక్కరోజున మారిపోతాయి. ఈ వారం ఆ పిల్లల గురించి ముచ్చటించుకుందాం.

ఇది మనకు దూరపు సంగతి కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మిలిటరీ మాధవరానికి ఆ పేరు ఊరికే రాలేదు. అక్కడ సైన్యంలో పనిచేసినవారు లేని ఇల్లు వెతుక్కోవాలి. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉంది. సికింద్రాబాదులో కంటోన్మెంటు, దుండిగల్‌లో వాయుసేన అకాడమీ ఉన్నాయి. కోస్తా, రాయలసీమ, తెలంగాణ పల్లెల నుండి సైన్యానికి వెళ్ళిన మన బిడ్డలు దేశమంతటా ఉన్నారు. వారి పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు మన బడి గుమ్మం తొక్కుతారు.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2017 నవంబరులో నేను ఒక పట్టణ విచారణలో గురువుగా, అక్కడి బడికి కరస్పాండెంటుగా ఉన్నాను. పఠాన్‌కోట నుండి ఒక హవల్దారు గారి భార్య ఇద్దరు పిల్లలతో వచ్చింది. భర్తకు సరిహద్దులో ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది. కుటుంబాన్ని వెంట తీసుకుపోవడానికి వీల్లేదు గనుక ఆమె పుట్టింటికి చేరింది. పెద్దవాడు అక్కడ ఆరో తరగతి చదువుతున్నాడు. మా ఆఫీసువారు టి.సి. మీద అక్కడి విద్యాశాఖాధికారి సంతకం లేదన్నారు. ఆ సంతకం కోసం రాసిన ఉత్తరానికి జవాబు వచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. అన్నాళ్ళూ పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. తీరా చేర్చుకునేటప్పుడు పెద్దవాడికి తెలుగు చదవడం రాదని ఐదో తరగతిలో వేశారు. “ఫాదర్ గారూ, వాడికి లెక్కలు బాగా వచ్చండీ, తెలుగు అక్షరాలే రావు” అని ఆ తల్లి రెండు సార్లు చెప్పింది. “సర్దుకుంటాడులే అమ్మా” అని నేను కాగితం మీద సంతకం చేశాను.

వాడు సర్దుకోలేదు. తనకంటే చిన్నవాళ్ళ మధ్య చివరి బెంచీలో కూర్చున్నాడు. ఏడాది చివర లెక్కల్లో కూడా వెనకబడ్డాడు. రానిది తెలుగు అయితే మేము తగ్గించింది తరగతిని. రోగం ఒకచోట ఉంటే మందు మరోచోట వేశాము.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ మార్పు గురించి చెప్పిన పాఠం ఒకటి ఉండేది. ఏదైనా మారాలంటే అందులో మారకుండా నిలిచే అంశం ఒకటి ఉండాలి, అది లేకపోతే జరిగేది మార్పు కాదు, ఒకటి నశించి మరొకటి పుట్టడమేనని ఆ పాఠం సారాంశం. పరీక్ష రాసి మరిచిపోయిన ఆ పాఠం ఆ పిల్లవాడి ముఖం చూసినప్పుడు గుర్తుకొచ్చింది. బడి మారేటప్పుడు ఆ పిల్లవాడిలో మారకుండా నిలబెట్టవలసింది ఏమిటని మేము అడగలేదు. ఊరు, భాష, స్నేహితులు ఎలాగూ పోయాయి. మిగిలింది తాను ఆరో తరగతి వాడినన్న గౌరవమొక్కటే. దాన్ని కూడా మేమే తీసేశాము.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలు ఏ కారణం చేతనైనా బడి మారవలసి వస్తే, అది రాష్ట్రం లోపలైనా, మరో రాష్ట్రానికైనా, మారే హక్కు వారికి 5వ సెక్షను ఇచ్చింది. పాత బడి ప్రధానోపాధ్యాయుడు టి.సి. వెంటనే ఇవ్వాలి. టి.సి. ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి ప్రవేశం ఆపడానికి గాని, నిరాకరించడానికి గాని వీల్లేదు. ప్రవేశాల గడువు దాటిందని తిప్పి పంపకూడదని 15వ సెక్షను చెబుతున్నది. అయితే బడి మారే ఈ హక్కు ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లో చేరడానికే వర్తిస్తుంది. కేంద్రీయ విద్యాలయంలోనో, సైనిక పాఠశాలలోనో, ఎయిడ్ లేని ప్రైవేటు బడిలోనో సీటు కావాలని దీన్ని చూపించి అడగలేము.

మరి మన కథోలిక పాఠశాలల మాటేమిటి? అల్పసంఖ్యాక వర్గాలు నడిపే బడులకు ఈ చట్టం వర్తించదని సుప్రీం కోర్టు 2014లో తీర్పు చెప్పింది. ఆ తీర్పును మనలో చాలామందిమి సంతోషంగా చదివాము, నేనూ చదివాను. మన బడులను మన పద్ధతిలో నడుపుకునే స్వేచ్ఛ దొరికింది. కాని ఎండలో నిలబడ్డ తల్లిని మూడు వారాలు తిప్పడానికి ఆ స్వేచ్ఛ పనికివస్తే దాన్ని మనం ఎందుకు కోరుకున్నట్టు? అసలు బడి ముఖమే చూడని పిల్లవాడిని కూడా వయసుకు తగిన తరగతిలో చేర్చి, లోటు పూడ్చడానికి ప్రత్యేకంగా నేర్పాలని ఆ చట్టంలోని 4వ సెక్షను అంటున్నది. ఏటా క్రమంగా చదువుకుని వచ్చిన పిల్లవాడికి మనం అంతకంటే తక్కువ చేయడం ఏ న్యాయమో నాకు తెలియదు.

ఇక తల్లిదండ్రులకు కొన్ని మాటలు. బదిలీ ఉత్తర్వు రాగానే సామాను కట్టడం కంటే ముందు బడికి వెళ్ళండి. టి.సి. ఒక్కటే తెచ్చుకుంటే చాలదు. రెండేళ్ళ ప్రోగ్రెస్ రిపోర్టులు, ప్రతి సబ్జెక్టులోనూ పిల్లవాడు రాసుకున్న ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. ఎక్కడిదాకా పాఠం అయిందో కొత్త మాష్టారికి ఆ నోటుపుస్తకం చెప్పినంత బాగా ఏ సర్టిఫికెట్టూ చెప్పదు. పాత నోటుపుస్తకాలను కిలోల లెక్కన అమ్మేసి రావడం మనవాళ్ళ అలవాటు. ఇప్పుడు పిల్లల వివరాలన్నీ యూడైస్ అనే కంప్యూటర్ లెక్కలో ఉంటున్నాయి. పాత బడివారు అందులో పిల్లవాడిని విడుదల చేస్తేగాని కొత్త బడివారు చేర్చుకోలేరు. ఊరు విడిచే ముందే ఆ పని అయిందో లేదో అడగండి. పఠాన్‌కోటకు ఫోను చేసి బతిమాలడం కంటే అది తేలిక.

పేరు సంగతి మరీ జాగ్రత్త. మనం ఇంటిపేరు ముందు పెట్టి ఒక్క అక్షరంతో సరిపెడతాము. ఉత్తరాది బళ్ళలో దాన్ని చివరికి తోసి పూర్తిగా రాస్తారు, కొన్నిచోట్ల తండ్రి పేరునే బిడ్డకు ఇంటిపేరు చేస్తారు. జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, తండ్రి సర్వీసు రికార్డులోని పార్ట్ టూ ఆర్డర్‌లో ఇంకోలా ఉన్న పిల్లలను నేను చూశాను. పదో తరగతి సర్టిఫికెట్టులో పడ్డ పేరు జీవితాంతం వెంట వస్తుంది. తొమ్మిదో తరగతికి రాకముందే అన్నిచోట్లా ఒకే అక్షరక్రమం ఉండేలా సరిచేయించుకోండి. ఈ జాప్యం వల్ల తర్వాత పింఛను కాగితాల్లో కూడా చిక్కులు వస్తాయి.

సైనికుల పిల్లలకు కేంద్రీయ విద్యాలయాలే పెద్ద అండ. బదిలీ అయ్యే ఉద్యోగుల పిల్లల కోసమే 1963లో రెజిమెంటు పాఠశాలలు ఇరవైని తీసుకుని వీటిని ప్రారంభించారు. దేశమంతటా ఒకే పాఠ్యక్రమం ఉంటుంది, చదువుల ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. తండ్రి బదిలీ మీద ఒక కేంద్రీయ విద్యాలయం నుండి టి.సి.తో వచ్చిన పిల్లవాడిని మరో కేంద్రీయ విద్యాలయంలో చేర్చుకుంటారు. కొత్తగా చేరేవారికి గడచిన ఏడేళ్ళలో తండ్రికి ఎన్ని బదిలీలు అయ్యాయన్నది లెక్కలోకి వస్తుంది గనుక పాత ఉత్తర్వులు పారేయకండి. తండ్రి యుద్ధక్షేత్రంలోనో, అలజడి ప్రాంతంలోనో ఉంటే కుటుంబం నివసించే ఊళ్ళోని విద్యాలయంలో పిల్లలను చేర్చే వీలుంది. నిబంధనలను ఏటా ప్రకటిస్తారు, ఆ ఏటివి చూసుకోండి. 1983 నుండి సైన్యపు సంక్షేమ విద్యాసంస్థ నడుపుతున్న ఆర్మీ పబ్లిక్ స్కూళ్ళు, నౌకాదళ, వాయుసేన పాఠశాలలు కూడా ఉన్నాయి.

చిక్కు ఎక్కడంటే, తండ్రి ఫీల్డుకు వెళ్ళినప్పుడు కుటుంబం చేరే ఊళ్ళో ఇవేవీ ఉండకపోవచ్చు. అప్పుడు రాష్ట్ర సిలబస్ బడే గతి, అక్కడ తెలుగు తప్పదు. తెలంగాణలో 2018లో చేసిన చట్టంతో మిగతా బోర్డుల బడుల్లోనూ తెలుగు నేర్పుతున్నారు. భయపడకండి. హిందీ చదవగలిగిన పిల్లవాడికి తెలుగు అక్షరాలు కొత్తవి గాని వాటి వరుస కొత్తది కాదు. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ అక్కడా ఇక్కడా ఒకటే. హిందీ అక్షరం పక్కన తెలుగు అక్షరం రాసి చూపించండి. గుణింతం వారంలో పట్టుబడుతుంది, ఒత్తులకే కాస్త కాలం పడుతుంది. అసలైతే ఈ పని పఠాన్‌కోటలోనో, జబల్‌పూర్‌లోనో ఉన్నప్పుడే చేయాలి. రోజుకు పావుగంట తల్లి దగ్గర కూర్చుని చదవాలి. అమ్మమ్మకు నెలకొక ఉత్తరం తెలుగులో రాయించాలి. ఫోన్లో మాట్లాడితే నోటికి తెలుగు వస్తుంది, చేతికి రాదు.

తొమ్మిది నుండి పన్నెండు వరకు తరగతుల విషయం వేరు. సి.బి.ఎస్.ఇ.లో తొమ్మిదిలోను, పదకొండులోను పేర్లు నమోదవుతాయి. పదికి, పన్నెండుకు నేరుగా చేరడానికి తండ్రి బదిలీ వంటి కారణం చూపి బోర్డు అనుమతి పొందాలి. కాబట్టి ఆ రెండేళ్ళ మధ్యలో బడి మార్చకుండా ఉండగలిగితే మంచిది. తండ్రి ఒక్కడే వెళ్ళి, కుటుంబం ఫ్యామిలీ క్వార్టర్లలో ఉండిపోయేందుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ తిరుగుళ్ళు ఎందుకని కొందరు పిల్లవాడిని ఆరో తరగతిలోనే కోరుకొండ వంటి సైనిక పాఠశాలకు పంపుతారు. 1962లో పెట్టిన ఆ బడి మంచి బడి. కాని పిల్లవాడికి ఇష్టం లేకుండా, కేవలం బదిలీల బాధ తప్పించడానికి పదకొండేళ్ళవాడిని హాస్టలుకు పంపడం నాకు నచ్చదు. బడులు ఎన్ని మారినా అమ్మ చేతి అన్నం మారకుండా ఉంటే చాలామంది పిల్లలు నిలదొక్కుకుంటారు.

తండ్రి దూరంగా ఉన్నప్పుడు “నాన్నకు చెబుతాను” అన్న బెదిరింపు ఇంట్లో వద్దు. సిగ్నలు దొరికి వారానికొకసారి వచ్చే ఫోనులో మార్కుల పంచాయతీ పెడితే పిల్లవాడు ఆ ఫోనుకే దూరం జరుగుతాడు. ఆ పది నిమిషాలు ఆటల గురించి మాట్లాడుకోనివ్వండి.

విచారణలోనూ ఇదే జరుగుతోంది. అక్కడ సగం సత్యోపదేశం నేర్చుకుని వచ్చిన బిడ్డను ఇక్కడ మళ్ళీ మొదటి పాఠం నుండి కూర్చోబెడుతున్నాము. ఎంతవరకు నేర్చుకున్నదో అక్కడి గురువు చేత రెండు వాక్యాలు రాయించుకు రండి. ఉపదేశిగారు అక్కడి నుండి మొదలుపెడతారు.

ఇప్పుడు నేనున్న బడిలో సిస్టరు గారు ఒక పద్ధతి పెట్టారు. టి.సి. దారిలో ఉన్నా పిల్లవాడు మరునాడే తరగతిలో కూర్చుంటాడు, కాగితాలకు నెల గడువు ఇస్తారు. హాజరు పట్టీలో పేరు ఎక్కించే ముందు ఇంట్లో ఏమని పిలుస్తారో, పేరు ఎలా పలకాలో తల్లిని అడుగుతారు. అదే వీధి నుండి వచ్చే పిల్లవాడిని పక్కన కూర్చోబెడతారు. మొదటి నెల పరీక్ష మార్కులు రిజిస్టరులో వేయరు. రోజూ సాయంత్రం అరగంట తెలుగు విడిగా చెబుతారు. దానికి మా విచారణలోని విశ్రాంత పండితులు ఒకరు వస్తున్నారు, జీతం అడగలేదు. పాత దుస్తులు చిరిగేదాకా కొత్త యూనిఫాం అడగవద్దని నేను చెప్పాను. దాని మీద బడి కమిటీలో ఇంకా వాదన నడుస్తూనే ఉంది.