సౌమ్యత ఒక సాధన: వయోజన మొటిమలు, ముఖ ప్రక్షాళన, ఆత్మనిగ్రహం

తనలో లోపంగా తోచినదానితో మనిషి ఏ విధంగా వ్యవహరిస్తాడన్నది అతని వ్యక్తిత్వ పరిణతిని తెలిపే ప్రధాన లక్షణాలలో ఒకటి. యౌవనం దాటిన తరువాత కూడా ముఖంపై మొటిమలు లేచినప్పుడు, వాటిని వెంటనే రుద్ది, గిల్లి, ఘాటైన ద్రవ్యాలతో కడిగి వదిలించుకోవాలన్న ఆత్రుత ఎవరికైనా సహజంగానే కలుగుతుంది. ఆ ఆత్రుతను వివేకానికి లోబరచి, చర్మానికి హాని చేయని, తన ఆదాయానికి తగిన ఒక సాధారణ క్లెన్సర్‌ను ఎంచుకుని, దానిని ఓపికతో వాడగలగడం చిన్న విషయంగా కనిపించవచ్చును గాని, అందులో నిగ్రహం, విచక్షణ, ఆత్మగౌరవం అనే మూడు గుణాలకూ నిత్యాభ్యాసం ఉంది.

ఇరవై అయిదేళ్లు దాటినవారిలో కొనసాగే లేదా కొత్తగా మొదలయ్యే మొటిమలను వైద్యులు వయోజన మొటిమలు అంటారు. ఇవి పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువగా, చాలామందికి గడ్డం మీదా దవడ అంచుల వెంబడీ వస్తాయి. చర్మంలోని తైలగ్రంథులు సెబమ్ అనే జిడ్డు పదార్థాన్ని అధికంగా స్రవించినప్పుడు, రోమకూపాల లోపలి మృతకణాలు ఆ జిడ్డుతో కలిసి రంధ్రాన్ని మూసివేస్తాయి. అక్కడ క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి వృద్ధి చెందడంతో వాపు, ఎరుపు, నొప్పి ఏర్పడతాయి. ఈ ప్రక్రియ అంతా చర్మం లోపల, హార్మోన్ల ప్రభావంతో, చాలావరకు వంశానుగతంగా నడిచేదే కనుక, మొటిమలు ఉన్నవారు ముఖం శుభ్రంగా కడుక్కోరని అనుకోవడం శాస్త్రవిరుద్ధం, అన్యాయం కూడా.

లండన్ నగరపు వాయవ్య అంచున, హారో బరోలో ఉన్న స్టాన్‌మోర్, ముఖం కడగడంలో నీటి పాత్రను పరిశీలించడానికి అనువైన ప్రదేశం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడేవారికి చలి, గదులలోని హీటర్ల పొడిగాలి వంటివాటితో పాటు ఇక్కడి నీరు కూడా కొత్తదే. ఆగ్నేయ ఇంగ్లండులోని భూగర్భ జలం చాలావరకు సుద్దరాతి పొరల గుండా రావడంచేత అందులో కాల్షియం లవణాలు అధికంగా ఉంటాయి. ఇటువంటి నీటినే కఠిన జలం అంటారు. సబ్బు ఈ లవణాలతో కలిసినప్పుడు నురగ తగ్గి, నీటిలో కరగని తెల్లని తెట్టు ఏర్పడి, కొంత చర్మంపైనే మిగిలిపోతుంది. కఠిన జలంతో కడిగిన చర్మంపై సోడియం లారిల్ సల్ఫేట్ అనే సాధారణ నురగ ద్రవ్యం ఎక్కువగా నిలిచి, మంట కలిగిస్తుందని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వెల్లడించారు. ఆ అధ్యయనం ప్రధానంగా ఎగ్జిమా అనే చర్మవ్యాధికి సంబంధించినదే అయినా, మొటిమల మందుల వల్ల ఇప్పటికే పొడిబారిన చర్మం గలవారు కూడా గమనించదగిన హెచ్చరిక అందులో ఉంది.

ఆమ్ల, క్షార స్వభావాన్ని కొలిచే పీహెచ్ మానంలో ఏడు తటస్థం కాగా, ఆరోగ్యవంతమైన చర్మపు ఉపరితలం సుమారు అయిదు వద్ద, అంటే స్వల్ప ఆమ్లంగా ఉంటుంది. సాధారణ సబ్బు తొమ్మిది, పది మధ్య ఉంటుంది. అందువల్ల సబ్బుతో పదేపదే కడిగినప్పుడు చర్మపు రక్షణ పొర దెబ్బతింటుంది. సబ్బుకు బదులు సంశ్లేషిత ప్రక్షాళకాలతో, చర్మపు పీహెచ్‌కు దగ్గరగా తయారు చేసిన వాటిని సిండెట్‌లు అంటారు. నైస్ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఇంగ్లండు ఆరోగ్య మార్గదర్శక సంస్థ 2021 జూన్‌లో వెలువరించిన మొటిమల చికిత్సా సూచనలలో, క్షార గుణం లేని సిండెట్‌తో రోజుకు రెండుసార్లు కడగాలని సలహా ఇచ్చింది. అమెరికా చర్మవైద్యులు మిల్స్, క్లిగ్‌మన్ 1975లోనే, అతిగా సబ్బు రుద్దడం వల్ల తలెత్తే మొటిమలను ఆక్నే డెటర్జికాన్స్ అనే పేరుతో వర్ణించారు.

ఇంత తెలిసినా కాఠిన్యం వైపే మనసు మొగ్గడానికి కారణం, కడిగిన తరువాత ముఖం బిగుసుకుని చురచురలాడితేనే శుభ్రమైందన్న భ్రమ. చర్మంలోని తేమ, సహజ కొవ్వు పోయినందువల్ల కలిగే ఆ బిగువును శుద్ధికి గుర్తుగా భావించడం, తనను తాను శిక్షించుకుంటేనే బాగుపడతాననుకునే మనస్తత్వానికి శరీరంపై పడిన నీడ. అభ్యంగన స్నానంలో ఒంటికి పట్టించిన నూనెను వదిలించడానికి సున్నిపిండికి ఉన్న స్థానం గౌరవించదగినదే గాని, వాచిన మొటిమలపై దానితో గట్టిగా నలుగు పెట్టడం గాయాన్ని మరింత రేపడమే అవుతుంది. చామనఛాయ చర్మంపై మొటిమ తగ్గిన చోట నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది కనుక తెలుగువారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. స్వదేశంలోని మందుల షాపుల నుంచి బంధువుల ద్వారా తెప్పించుకునే స్టెరాయిడ్ క్రీములు తొలి రోజుల్లో ముఖాన్ని తేటపరిచినట్లు కనిపించి, తరువాత చర్మాన్ని పలుచబరచి, కొత్త మొటిమలను పుట్టిస్తాయి కనుక వాటికి పూర్తిగా దూరంగా ఉండాలి.

సరసమైన ధరకు మేలైన క్లెన్సర్‌ను ఎంచుకోవడం విచక్షణకు సంబంధించిన పని. బ్రిటన్‌లో 2004 నాటి ధరల ప్రదర్శన ఉత్తర్వు ప్రకారం పెద్ద దుకాణాలు అరల మీద నిర్ణీత పరిమాణానికి ఎంత పడుతుందో చూపాలి కనుక, సీసా ధరకు బదులు ఆ అంకెలను పోల్చినవారికి నిజమైన ఖర్చు తెలుస్తుంది. సీసా వెనుక పదార్థాల జాబితాలో ఒక శాతం పైబడినవి పరిమాణం తగ్గే క్రమంలో ఉంటాయి. అందులో సుగంధ ద్రవ్యం, గరుకు రేణువులు లేకపోవడం, రంధ్రాలను మూయని గుణాన్ని సూచించే నాన్‌కొమెడోజెనిక్ అనే మాట ఉండడం మంచి సంకేతాలు. చర్మవైద్యులు పరీక్షించారన్న ప్రకటన ఒక్కటే నాణ్యతకు హామీ కాదు. సెటాఫిల్, సెరావీ, సింపుల్ వంటి పేరున్న రకాలతో పాటు, సూపర్‌మార్కెట్లు తమ సొంత పేరుతో అమ్మే సుగంధరహిత క్లెన్సర్లలోనూ ఇవే గుణాలు ఉన్నవి తక్కువ ధరకు దొరుకుతాయి. ముఖంపై నిమిషం కూడా ఉండకుండా నీటితో పోయేదానికి అధిక ధర చెల్లించడం కంటే, గోరువెచ్చని నీటితో, వేళ్ల కొసలతో, రుద్దకుండా కడిగి, మెత్తని తువ్వాలుతో అద్ది, తేమనిచ్చే క్రీమును రాయడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

క్లెన్సర్ చికిత్సకు సహాయకారి మాత్రమేనని గుర్తించడం కూడా వివేకంలో భాగమే. తేలికపాటి మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్‌ను ఫార్మసిస్టు సలహాతో వైద్యుని చీటీ లేకుండానే కొనవచ్చును. అది తువ్వాళ్ల, దిండు గలీబుల రంగు పోగొడుతుంది కనుక తెల్లనివి వాడడం మేలు. మొటిమలు తీవ్రమైనా, గుంటలు పడుతున్నా, ఋతుక్రమం తప్పుతున్నా, మనసు కుంగుతున్నా జీపీ అని పిలిచే కుటుంబ వైద్యుని సంప్రదించాలి. నైస్ సూచించిన తొలి చికిత్సలు పన్నెండు వారాల పాటు సాగేవి కావడంచేత, వారానికొక సీసా మార్చేవారు ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలుసుకోలేరు.

పెళ్లిళ్లలోనూ వీడియో కాల్స్‌లోనూ పలకరింపుకు ముందే ఎదుటివారి ముఖంపై మొటిమల గురించి అడగడం తెలుగు కుటుంబాలలో ప్రేమ పేరిట సాగుతున్న అలవాటు. దానివల్ల గాయపడినవారు అద్దానికీ మనుషులకీ దూరమవుతారు. వైద్యం జరుగుతోందని శాంతంగా ఒక్క మాట చెప్పి సంభాషణను మళ్లించగలగడం అటువంటివారు అలవరచుకోవలసిన ధైర్యం కాగా, అడగకుండా ఉండగలగడం పెద్దలు నేర్చుకోవలసిన మర్యాద. ముఖం తేటపడిన తరువాతే నలుగురిలోకి వెళ్లాలన్న షరతును మనిషి తనకు తాను పెట్టుకోకూడదు. తన చర్మం పట్ల సౌమ్యంగా, ఖర్చు పట్ల జాగ్రత్తగా, ఫలితం పట్ల ఓర్పుగా ఉండడం నేర్చుకున్న వ్యక్తికి ఆ మూడు గుణాలూ మొటిమలు తగ్గిన తరువాత కూడా జీవితంలోని ప్రతి రంగంలో ఉపకరిస్తాయి.