నల్లపావులు వచ్చినప్పుడు

చదరంగంలో మొదటి ఎత్తు తెల్లపావులది. ఆ చొరవ వల్ల పెద్ద టోర్నీల్లో తెల్లవైపు పాయింట్లు సగానికి కాస్త ఎక్కువే వస్తాయని గణాంకాలు చెబుతాయి. 2024 డిసెంబరు 28న న్యూయార్క్‌లో, మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీ చివరి రౌండులో కోనేరు హంపికి వచ్చినవి నల్లపావులే. ఎదురుగా ఇండోనేషియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్. ఆ ఆట గెలిచి, 11కి 8.5 పాయింట్లతో హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ విజేత అయ్యారు. మొదటి రౌండులో ఓడిపోయింది కూడా ఆమే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి టోర్నీలకు వెళ్లే పిల్లల్లో ఎవరికి ఏ రంగో తెలిపే పెయిరింగ్ కాగితం చూడగానే మొహం వేలాడేసేవాళ్లు ఉంటారు. "నల్లవే వచ్చాయిలే, డ్రా అయినా చాలు" అనే తండ్రులూ తక్కువేం కాదు. ఇది శుద్ధ పిరికితనం. ఈ టోర్నీలు నడిచే స్విస్ పద్ధతిలో రంగులు దాదాపు చెరిసగం పంచుతారు. సగం ఆటల్ని బల్ల దగ్గర కూర్చోకముందే వదులుకుంటే మిగిలేదేమిటి?

నల్లపావులవారికి అన్నింటికన్నా అక్కరకొచ్చే అలవాటు ఒకటే: ప్రత్యర్థి ఎత్తు వేయగానే చేతులు బల్ల కింద పెట్టుకుని, ఆ ఎత్తుతో ఏం మారిందో చూడటం. ముట్టుకున్న పావునే కదపాలన్న నియమం ఉన్న ఆటలో ఆ కాసేపటి ఆగడమే ప్రాణం నిలుపుతుంది. ఉదాహరణకు, అదే 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ ప్రపంచ టైటిల్ పోరు 14వ ఆటను నల్లపావులతో ఆడాడు. ప్రత్యర్థి డింగ్ లిరెన్ 55వ ఎత్తుగా రూక్‌ను ఎఫ్2లో పెట్టాడు. గుకేశ్ తన రూక్‌ను బి3కి జరపబోయి ఆగాడు. డింగ్ బిషప్ మూలన ఇరుక్కుని కనిపించింది. రూక్‌లు మారితే బిషప్‌లూ మారక తప్పదు. ఆపై మిగిలేది బంట్ల ఆట, అందులో గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. అనుకున్న ఎత్తే ఆడేసి ఉంటే ఆ అవకాశం చేజారేది.

ఈ అలవాటు ఇంటర్వ్యూలోనూ, బేరంలోనూ పనికొస్తుంది. ఎదుటివారి మాట పూర్తవకముందే జవాబు వెతుక్కునేవారికి అందులోని మెలిక దొరకదు. కంటినిండా నిద్ర, ఓడిన ఆటను ఆ రాత్రే తిరగేయడం, ఫోన్‌ను దూరం పెట్టడం వంటివి అందరూ చెప్పేవే, అవీ పాటించాలి.

సాధనకు పెద్ద కోచింగే అక్కర్లేదు. రోజూ ఒక్క ఆట నల్లపావులతో ఆడి, ప్రతి ఎత్తుకీ ముందు ఒక్కసారి ఆగితే చాలు. పట్టుదల ఉన్న పిల్లకు కోదాడలోనైనా ఇది సాధ్యమే. సింగపూర్ ఆట 58 ఎత్తుల్లో ముగిసింది. 18 ఏళ్ల గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు.