ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు: భువనగిరి గుట్ట మీద ఒక మెకానిక్స్ పాఠం

ఫస్టియర్ మెకానిక్స్‌లో ఇన్‌క్లైన్డ్ ప్లేన్ మీద బ్లాకు లెక్క మనందరం చేసినవాళ్ళమే. ఆ బ్లాకు జారుతుందా ఆగుతుందా అని చూసి, మార్కులు వేయించుకుని మర్చిపోయాం. ఆ బ్లాకు స్థానంలో మన రూమ్మేట్ ఉంటే ఎలా ఉంటుందో నాకు సెకండియర్ డిసెంబరులో తెలిసింది. అందుకే ఈ వ్యాసం.

ఒక ఆదివారం నలుగురం సికింద్రాబాద్‌లో పొద్దుటి రైలెక్కి భువనగిరిలో దిగాం. హైదరాబాద్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు కాబట్టి, కొండలు కొత్తగా ఎక్కేవాళ్ళకి మనకి దగ్గర్లో ఇంతకన్నా మంచి చోటు లేదు.

గుట్ట సంగతి

ఊరి మధ్యలో 500 అడుగులకు పైగా లేచిన ఏకశిల ఇది. పశ్చిమ చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడు (పాలన 1076–1126) కోట కట్టించాడని చెబుతారు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. ఆ పేరు మీదే త్రిభువనగిరి, తర్వాత భువనగిరి అయింది. రాయి గ్రానైట్. ఈ ప్రాంతపు గ్రానైట్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల ఒత్తిడిలో గట్టిపడిన రాయి బయటపడ్డాక, పై బరువు తగ్గి ఉల్లిపొరల్లా ఊడుతుంది. గుట్ట అంత నున్నగా, గుండ్రంగా ఉండటానికి కారణం అదే. పట్టుకోవడానికి అంచులు తక్కువ, కాలు నిలిపేది ఘర్షణ ఒక్కటే.

మలావత్ పూర్ణ తొలి శిక్షణ ఈ బండల మీదే. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమెకి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు.

స్క్రాంబ్లింగ్ అంటే

నడకకీ, తాడు కట్టుకుని చేసే రాక్ క్లైంబింగ్‌కీ మధ్యది. అక్కడక్కడా చేతులు కూడా వాడి పాకుతూ ఎక్కడం అన్నమాట. భువనగిరిలో కింద మెట్లు ఉంటాయి. పైకి పోయేకొద్దీ కొన్నిచోట్ల మెట్లు పోయి ఏటవాలు బండ మిగులుతుంది, పక్కన ఇనుప రెయిలింగ్ ఉంటుంది. ఆ రెయిలింగ్ వెంబడి వెళ్తే కొత్తవాళ్ళకి ఇబ్బంది లేదు.

మేం చేసిన తప్పు

కింద మజ్జిగ అమ్మే తాత ముందే చెప్పాడు. “ఎక్కుడు ఎవ్వలైనా ఎక్కుతరు బిడ్డా. దిగుడే చూస్కోవాలె.” మేం నవ్వి, మజ్జిగ తాగి బయల్దేరాం.

సగం పైకి వెళ్ళాక రెయిలింగ్ దారి చుట్టు తిరిగినట్టు అనిపించింది. ఎడమవైపు నున్నటి బండ నేరుగా పైకి పోతోంది. “షార్ట్‌కట్ రా, ఏం కాదు, ఎక్కు” అన్నది నేనే. ఈ మాట ఇక్కడ రాయడం నాకు అవసరం. మా రూమ్మేట్ నా మాట మీద ముందు ఎక్కాడు. ఇరవై అడుగులు చకచకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూశాడు. అంతే. బండకి కరుచుకుపోయాడు. కాళ్ళు వణకడం కింద నుంచే కనిపిస్తోంది. షూ కింద ఇసక రాలుతోంది. “ఒరేయ్, జారుతోంది రా” అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తే.

మేం కింద నుంచి “గట్టిగా పట్టుకో, కదలకు” అని అరుస్తున్నాం. అప్పుడు శిక్షణకి వచ్చిన ఒక అన్న మా కేకలు విని వచ్చాడు. ఆయన సరిగ్గా వ్యతిరేకం చెప్పాడు. “తమ్ముడూ, బండని వదిలెయ్. మెల్లగా నడుం ఎత్తు. బరువంతా పాదాల మీద వెయ్యి.” వాడు నమ్మలేదు. రెండు నిమిషాల తర్వాత నమ్మాడు. నడుం లేచేసరికి షూ పట్టు దొరికింది. ఆయన పక్కనుంచి ఎక్కి, వాడిని అడ్డంగా, ఒక్కో అడుగు చొప్పున రెయిలింగ్ దాకా తెచ్చాడు. ఎక్కడానికి రెండు నిమిషాలు పట్టిన చోటు దిగడానికి అరగంట పట్టింది. ఆ రోజు పై వరకూ వెళ్ళలేదు.

లెక్క

హాస్టల్‌కి వచ్చాక కాగితం తీశాను. వాలు కోణం θ అయితే కిందికి లాగే బలం mg sinθ, ఆపగలిగే గరిష్ఠ ఘర్షణ μmg cosθ. రెండూ సమానమైతే tanθ = μ. m కొట్టేసుకుపోయింది చూశారా? అంటే సన్నగా ఉన్నవాడికి ప్రత్యేక రాయితీ ఏమీ లేదు.

పొడి బండ మీద మంచి రబ్బరు సోలుకి μ = 0.8 అనుకుందాం. హద్దు సుమారు 39 డిగ్రీలు. మధ్యలో ఇసకో తడో చేరి μ 0.4కి పడిందనుకుందాం. హద్దు 22 డిగ్రీలు.

మరి బండని కరుచుకుంటే ఎందుకు జారతాం? ముందుకి వాలి చేతులతో బండని నొక్కితే, నార్మల్ రియాక్షన్‌లో కొంత చేతులకి పోతుంది. చెమట పట్టిన అరచేతులు కిందికి లాగే బలంలో పెద్దగా వాటా తీసుకోవు. అంటే పాదాల మీద నొక్కుడు తగ్గింది, జారుడు బలం దాదాపు అలాగే ఉంది. హద్దు దాటడం తేలిక. భయం వంగమంటుంది, ఫిజిక్స్ నిటారుగా నిలబడమంటుంది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి

ఎండ ముదరకముందే ఎక్కడం మొదలుపెట్టండి, బండ త్వరగా కాగిపోతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. సోలు అరిగిన షూస్, చెప్పులు వద్దు. వాన పడినా, పడేలా ఉన్నా వెనక్కి రండి. చేతులు వాడాల్సిన చోట రెండు చేతులు, రెండు కాళ్ళలో మూడు ఎప్పుడూ నిలకడగా ఉండాలి, ఒక్కటే కదలాలి. ఎక్కేటప్పుడు అడుగు పెట్టే చోటు కళ్ళముందే ఉంటుంది, దిగేటప్పుడు మన ఒళ్ళే దాన్ని దాచేస్తుంది. కాబట్టి ప్రతి నాలుగడుగులకీ వెనక్కి చూసి, “ఇది దిగగలనా?” అని అడగండి. జవాబు తేలకపోతే అక్కడే ఆగండి. రెయిలింగ్ వదిలి బండ ఎక్కాలని ఉంటే శిక్షకుల దగ్గర, తాడుతో నేర్చుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, పక్కవాడిని “ఏం కాదు రా” అనకండి. దిగగలడో లేదో చెప్పాల్సింది వాడు.

ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాం. రమ్మన్నది వాడే. ఈసారి దారి తప్పకుండా పైదాకా ఎక్కి, బాలాహిసార్ గోడ నీడలో పులిహోర తిన్నాం. దిగుతూ ఆ బండ దగ్గర ఆగి, అంచున ఫోన్ పెట్టి కోణం కొలిచాం. 33 డిగ్రీలు. మన లెక్కలో 22కీ 39కీ మధ్య. శుభ్రంగా ఉంటే నిలబడొచ్చు, ఇసక ఉంటే లేదు. వాడు కాసేపు ఆ అంకె చూసి ఫోన్ నా చేతిలో పెట్టాడు. “ముందు కొలవాల్సింది రా” అన్నాడు.

కింద తాత మమ్మల్ని గుర్తుపట్టలేదు. మజ్జిగ మాత్రం అలాగే ఉంది.