గేటు కాడ మొరుగుడు

గురజాల



జాకీ గొలుసు తెంచుకునేంతగా మొరుగుతుంటే నువ్వు చీపురుకట్ట పట్టుకొని దాని మీద అరుస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అరవబాకు. నువ్వూ తనతో కలిసి మొరుగుతున్నావనుకొని అది ఇంకా రెచ్చిపోతుంది.

దాని లెక్క చూడు. పాలాయన వచ్చాడు, మొరిగింది, పాలాయన పోయాడు. ఆయన ఎట్టాగూ పోయేవాడేనని దానికేం తెలుసు? తరిమింది తానేననుకుంటుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా గెలుస్తూనే ఉండే కుక్క మొరుగుడు ఎందుకు మానుతుంది?

ముందు ఆ గెలుపు దక్కకుండా చెయ్యి. గేటు ఊచల సందుల్లోంచి రోడ్డంతా కనపడుతుంది కదా, లోపలివైపు రేకు కొట్టించు. అందాకా గోనెపట్టా కట్టినా చాలు. గేటు కాడ కట్టెయ్యడం మానేసి పెరట్లో వేపచెట్టు కిందికి మార్చు. అస్తమానం గొలుసుతో కట్టేసి తిప్పకుండా ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కూడా తప్పే. తెల్లారేసరికి ఒక అరగంట నడిపించుకురా. ఎండెక్కాక వద్దు. రెంటచింతల ఎండల గురించి పేపర్లో చదివి తెలుసుకునేవాళ్ళం కాదుగా మనం. నాపరాళ్ళ మీద దాని పాదాలు బొబ్బలెక్కుతాయి.

ఇక నేర్పడం. ఎదురింటి పిల్లాణ్ణి బతిమాలి రోడ్డుకు అవతల, దూరంగా నడవమను. జాకీ చెవులు నిక్కించి చూస్తుంది, ఇంకా నోరు తెరవదు. సరిగ్గా అప్పుడే 'చాల్రా' అని మెల్లగా అని ఉడికించిన గుడ్డు ముక్క పెట్టు. ఆలస్యమైతే దేనికిచ్చావో దానికి తెలియదు. మొరిగిందా, పిల్లాడు మరీ దగ్గరికొచ్చాడని అర్థం. ఇంకాస్త అవతలికి పొమ్మను. శబ్దానికీ తిండికీ పావ్‌లోవ్ ముడిపెట్టిన సంగతి నీ పుస్తకాల్లో ఉన్నదే. ఇక్కడ శబ్దం బదులు దారినపోయే మనిషి, అంతే. మొరుగుతుండగా నోరు మూయించడానికి మాత్రం ముక్క వెయ్యబాకు, లంచం మరిగిన గుమాస్తా అయిపోతుంది. ఈ సంగతి మీ నాయనమ్మకు గట్టిగా చెప్పు, ఆవిడ చెయ్యి ఊరుకోదు.

శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు మీ రోడ్డున పోయేరోజు పాఠాలు పెట్టబాకు. ఆ మైకుల హోరులో ఏ కుక్కా నేర్చుకోదు. లోపలి గదిలో ఉంచి ఫ్యాను వెయ్యి.

మొరిగే కుక్క కరవదన్నావట. మిరపకోతలకు చీకట్నే పోయే ఆడవాళ్ళకు ఆ సామెతతో ఏం పని? బండి మీద పోయేవాడు బెదిరిపడితే కరవకుండానే కాలు విరుగుద్ది. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. పల్నాటి యుద్ధం కోడిపందెంతో రగిలిందంటారు, మీ వీధిలో కుక్కతో రగిలించబాకు. ఎదురింటాయన కాడికి నువ్వే పోయి, 'నేర్పుతున్నానండీ, కొన్నాళ్ళు ఓర్చుకోండి' అని చెప్పు. మొదట్లో మొరుగుడు ఇంకాస్త పెరిగినా పెరగొచ్చు, ఆ మాట కూడా ముందే చెప్పు.

దాని రేబిస్ టీకా కార్డు మీ అమ్మ బీరువాలో ఉంటుంది. ఏడాది దాటితే ఈ వారమే పశువుల ఆసుపత్రికి తీసుకుపో. చెవులు కూడా చూడమను, నొప్పి ఉన్న కుక్క ఊరికే చిరాకు పడుతుంది.

మీ పెదనాన్న