వంగుటకు ఎన్ని మాటలు!

ఒక భాషలోని మాటను మరియొక భాషలోనికి తెచ్చుటకు నిఘంటువు ఒక్కటియే చాలదు. 'బెండ్' అను ఆంగ్లపదమునకు 'వంగుట' యని అర్థము వ్రాసికొని, స్టూప్, లీన్, ఫోల్డ్, ట్విస్ట్, బౌ అను వానికిని ఆ మాటనే వ్రాయు విద్యార్థులు కలరు. అట్లు వ్రాసినచో ఆంగ్లము రాదు సరికదా, తెలుగు కూడ చేజారును. ఈ పదములకు తగిన తెలుగుమాటలు మన ఊళ్లలో పనిచేయువారి నోళ్లయందు సజీవముగా నున్నవి.

మొదట 'బెండ్' అను మాటనే చూడుడు. కర్ర తనంత తాను వంగును. మనము దానిని వంచుదుము. ఈ రెండు పనులకును ఆంగ్లమున బెండ్ ఒక్కటియే. తెలుగు వానిని వేరుచేసి చెప్పును. వంగిన తావు వంపు. కొడవలికి గల వంపును ఆంగ్లేయులు కర్వ్ అందురు. ఆకసమున సన్నని చంద్రరేఖ నెలవంక. పొలముల నడుమ పారు చిన్న యేరు వంక. ఒకరి పనిలో లోపమెన్నుట వంక పెట్టుట. జగిత్యాల జిల్లాలోని ధర్మపురి కడ గోదావరి దక్షిణముగా ప్రవహించును. అందుచే అచ్చట ఆ నదిని దక్షిణవాహిని యందురు. నది దిక్కు మార్చు తావు కూడ ఆంగ్లమున బెండ్ అనియే చెప్పబడును. కాని తెలుగున కర్రకు వంపు, నదికి మలుపు.

కోరుట్లలో బీడీలు చేయు స్త్రీలను చూడుడు. తునికాకును తడిపి, కొలతకు కత్తిరించి, పొగాకు వేసి చుట్టుదురు. దారము కట్టి కొన మడుచుదురు. చుట్టుట రోల్; మడుచుట ఫోల్డ్. సిరిసిల్ల మగ్గములకు పేరుగన్న ఊరు. అచ్చట ట్విస్ట్ అను మాటకు అర్థమడిగినచో నేతగాడు తడుముకొనక 'పురి' యని చెప్పును. పురి లేని నూలు నిలువదు. పురి మితిమీరినచో మెలికలు పడును. పొలమున నాటు వేయు స్త్రీ నడుము వంచుట స్టూప్. అలసి గోడకు ఒరుగుట లీన్.

ఆంగ్లమున ఒకే అక్షరములతో వ్రాయబడి రెండు విధముల పలుకబడు మాట యొకటి కలదు. 'బో' యని పలికిన విల్లు; 'బౌ' యని పలికిన తల వంచుట. రెండును వంగుట యను ఒకే మూలమునుండి పుట్టినవి. మోచేతిని ఎల్బో యనుటలోను ఆ వంపే యున్నది. సంస్కృతమున 'నమ్' అను ధాతువునకు వంగుట యర్థము. నమస్కారము, ప్రణామము, వినమ్రత దానినుండి వచ్చినవే. ఆశ్చర్యమేమనగా, ఎత్తును తెలుపు 'ఉన్నతి' కూడ ఆ ధాతువునుండియే పుట్టినది.

అయినను తల వంచుటలన్నియు నొక్కటి కావు. గురువు నెదుట శిష్యుడు వంగుట నమస్కారము. బలవంతుని భయమున వంగుట లొంగుబాటు. ఈ ప్రాంతమున దొరల గడీల యెదుట పేదవారు 'నీ బాంచన్, కాల్మొక్త' యని వంగిన కాలము కలదు. అది వినయము కాదు, వెట్టి. 1976లో దేశమంతటికి వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చినను, ఊళ్లలో అది వెంటనే అంతరింపలేదు. 1978 సెప్టెంబరులో రైతుకూలీలు వేలాదిగా జగిత్యాలకు తరలివచ్చి దొరతనమును ఎదిరించిరి. దానిని జగిత్యాల జైత్రయాత్ర యందురు. మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. పనికై నడుము వంచుట వారికి కొత్త కాదు. భయమునకు తల వంచుటనే వారు మానదలచిరి. ఈ భేదమును తెలుపని అనువాదము వారి చరిత్రను తెలుపజాలదు.

కావున బాలలారా! ఒక మాటకు అర్థము వ్రాయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. వంగినది ఏది? తానై వంగెనా, వంచబడెనా? ఎందులకు వంగెను? సమాధానము దొరకనిచో పనిచేయువారి నడుగుడు. మీ తల్లి, మీ పొరుగు నేతగాడు, మీ ఊరి రైతు చెప్పు మాట పెక్కుసారులు నిఘంటువుకంటె సరియైనది.

ప్రశ్నలు

1. వంగు, వంచు అను మాటలకు భేదమేమి?
2. నమస్కారమునకు, లొంగుబాటునకు గల తేడాను వివరింపుడు.
3. మీ ఊరి వృత్తిపనివారి నడిగి, వంగుటను తెలుపు మాటలు అయిదు సేకరింపుడు.