సాపేక్షత చదవాలా? కృష్ణబిలాలతో మొదలుపెట్టొద్దు

డిగ్రీ ఫిజిక్స్‌లో చేరేవాళ్లలో చాలామందికి ఐన్‌స్టీన్ మీద ఇష్టం వీడియోలు చూసి కలుగుతోంది. కృష్ణబిలాలు, వార్మ్‌హోల్స్, కాలంలో వెనక్కి ప్రయాణం... ఎలా కలిగినా ఇష్టం మంచిదే. కానీ ఆ ఊపులో 1915 నాటి సాధారణ సాపేక్ష సిద్ధాంతంలోకి, టెన్సర్లలోకి నేరుగా దిగితే త్వరలోనే విసుగొస్తుంది. ముందు 1905 నాటి ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం దగ్గర ఒక సెమిస్టర్ పాటు ఆగండి. మొదలుపెట్టడానికి ఇంటర్ లెక్కలు చాలు.

లారెంట్జ్ సమీకరణాల్లో అంకెలు వేసి జవాబు రాబట్టడం కొద్ది సాధనతో వచ్చేస్తుంది. ఒకరికి ఏకకాలంలో జరిగిన రెండు సంఘటనలు, కదులుతున్న మరొకరికి వేర్వేరు సమయాల్లో జరుగుతాయన్నదే మనసుకు ఓ పట్టాన ఎక్కదు. విద్యార్థులు తికమకపడే చిక్కుప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇక్కడ పుట్టినవే. అందుకే కాలం నిలువుగా, దూరం అడ్డంగా పెట్టి ప్రతి లెక్కకూ స్పేస్‌టైమ్ పటం గీయండి.

మ్యుయాన్ల లెక్క తప్పక చేయండి. భూమికి సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టే ఈ కణాల సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. కాంతివేగంతో పరుగెత్తినా 660 మీటర్లు దాటకూడదు. అయినా నేలకు చేరుతున్నాయి. వేగం కాంతిలో 99.8 శాతం అనుకుని ముందు నేలమీద ఉన్నవారి వైపునుంచి చూడండి: మ్యుయాన్ ఆయుష్షు దాదాపు 35 మైక్రోసెకన్లకు సాగుతుంది. తర్వాత మ్యుయాన్ వైపునుంచి చూడండి: దాని ఆయుష్షు మారదు, 15 కిలోమీటర్ల దూరమే ఒక కిలోమీటరు లోపుకి కుంచించుకుపోతుంది. రెండు దారుల్లోనూ ఫలితం ఒకటే ఎందుకొచ్చిందో మీ మాటల్లో చెప్పగలిగితే మీకు విషయం పట్టుబడినట్టే.

పుస్తకాలు పోగేయకండి. టేలర్, వీలర్ రాసిన ‘స్పేస్‌టైమ్ ఫిజిక్స్’ ఒక్కటి లెక్కలతో సహా పూర్తిచేయండి. లీనియర్ ఆల్జీబ్రా, లగ్రాంజియన్ మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం వచ్చాక హార్టిల్ ‘గ్రావిటీ’కి వెళ్లొచ్చు. అందులో భౌతిక శాస్త్రం ముందు, బరువైన గణితం తర్వాత వస్తాయి. మొదటిసారి చదివేవారికి అదే సరైన వరస.

ఐఐటీ జామ్, సీఎస్‌ఐఆర్ నెట్ ఫిజికల్ సైన్సెస్ సిలబస్‌లలో ప్రత్యేక సాపేక్షత ఉంది, సాధారణ సాపేక్షత లేదు. చాలాచోట్ల ఎమ్మెస్సీలోనూ అది ఐచ్ఛికమే. చెప్పేవారు లేరని ఆగిపోకండి. సాపేక్షతపై ఐన్‌స్టీన్, మిన్‌కోవ్‌స్కీ రాసిన జర్మన్ పత్రాల ఇంగ్లిష్ అనువాదాన్ని కలకత్తా విశ్వవిద్యాలయం 1920లో ప్రచురించింది. ఆ అనువాదం చేసిన సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాద్ సాహా అప్పటికి పాతికేళ్లు దాటీదాటని యువకులు.

పరిశోధన వైపు వెళ్లాలంటే పుణెలోని ఐయూకా, బెంగళూరులోని ఐసీటీఎస్, ముంబయిలోని టీఐఎఫ్‌ఆర్ ముఖ్యమైనవి. అయితే కేవలం సిద్ధాంతం చేసేవారికి ఉద్యోగాలు తక్కువ. ఇది చేరకముందే తెలియాలి. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రానున్న గురుత్వ తరంగాల పరిశోధనశాల లైగో ఇండియాకు లేజర్లు, వాక్యూమ్, కంట్రోల్ ఎలక్ట్రానిక్స్, డేటా విశ్లేషణ తెలిసినవాళ్లు కావాలి. సమీకరణాలతో పాటు వీటిలో ఒకదానిలో చేయి తిరిగితే దారులు పెరుగుతాయి.

2015 సెప్టెంబర్ 14న తొలిసారి దొరికిన గురుత్వ తరంగం డేటాను లైగో అందరికీ ఉచితంగా ఇస్తోంది. ఈ సెలవుల్లో పైథాన్ నేర్చుకుని, దాన్ని డౌన్‌లోడ్ చేసి, ఆ సంకేతాన్ని మీరే వెలికితీయండి.